గుండీ ముక్కల గూడు

వాగుకి ఒంట్లో ఎలా ఉందో తెలుసుకోవాలంటే నీళ్ళని అడిగి లాభం లేదు. ఎవరు ఏం కలిపినా నీళ్ళు మర్నాటికల్లా వెళ్ళిపోతాయి. వాటి వెనకే కొత్తవి వచ్చి ఏమీ ఎరగనట్టు తళతళలాడుతుంటాయి. అడుగున రాళ్ళని పట్టుకుని బతికే పురుగులైతే ఎక్కడికీ పోవు. నెలల తరబడి ఆ వాగు ఏం మింగిందో అదంతా వాటి ఒంటికి పడుతుంది. వాటిలో మంచినీళ్ళు తప్ప సరిపడని సుకుమారాలు కొన్ని ఉంటాయి, మురుగులో కూడా హాయిగా కాపురం చేసే మొండిఘటాలు కొన్ని ఉంటాయి. ఏవి ఉన్నాయి, ఏవి మాయమయ్యాయి అని చూస్తే వాగు ఆరోగ్యం తెలిసిపోతుంది.

ఈ సంగతి ఇంట్లో చెప్పి ఒప్పించేసరికి పిల్లకి తల ప్రాణం తోకకొచ్చింది. అటు అమ్మ వైపు, ఇటు నాన్న వైపు కలిపి చూసినా కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తనే. పట్టా చేతికొచ్చిన రోజున దాని మూల కాస్త మడతపడిందని అమ్మ ఇస్త్రీపెట్టె వేడి చేసింది. చివరి నిమిషంలో పిల్ల లాక్కోబట్టి గానీ లేకపోతే సంతకాలన్నీ ఆవిరైపోయేవి. అంత అపురూపంగా సంపాదించిన చదువుతో నీటి పరీక్షల ఆఫీసులో చేరి, పొద్దున్నే మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, వాగులోకి దిగి రాళ్ళు తన్నుతుందని తెలిసి పిన్ని ముక్కున వేలేసుకుంది.

"రాళ్ళు తన్నడానికి అంత చదువెందుకే? మా వాడు పుట్టినప్పట్నించీ అదే పని చేస్తున్నాడు. ఒక్కళ్ళూ పిలిచి జీతమిచ్చిన పాపాన పోలేదు."

"ఊరికే తన్నం పిన్నీ. కాలికి దిగువన వల అడ్డం పెట్టుకుని తంతాం. రాళ్ళ కిందున్న పురుగులు కదిలి వలలోకి కొట్టుకొస్తాయి."

"అయితే నువ్వు పురుగులమ్మవి."

పేరు అలా పడింది. పిన్ని నోట్లోంచి లాండ్రీకి, లాండ్రీలోంచి వీధికి పాకింది. చివరికి కూరగాయల బండి అతను కూడా, "పురుగులమ్మగారూ, వంకాయల్లో ఒక్కటి కూడా లేదండీ, మీరే చూసుకోండి" అనే దాకా వెళ్ళింది.

లాండ్రీ అంటే వీధి చివర చొక్కాలు ఇస్త్రీ చేసే కొట్టు కాదు. వాగు ఒడ్డున రేకుల షెడ్డు, గదంత పెద్ద మిషన్లు, ఊళ్ళోని ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు, డాక్టర్ల తెల్లకోట్లు అన్నీ అక్కడికే వస్తాయి. అమ్మ, పిన్ని ఇద్దరూ పెళ్ళిళ్ళు కాకముందు నుంచీ అందులోనే పని. అమ్మది నానబెట్టే తొట్ల దగ్గర, పిన్నిది వేడి రోలర్ల దగ్గర. పిల్ల బడి నుంచి వచ్చి మూటల మధ్య కూర్చుని లెక్కలు చేసుకుంటూ పెరిగింది. దాని నోటుపుస్తకాలన్నీ సబ్బు వాసన కొట్టేవి.

ఆ సబ్బు నీళ్ళే వాగుని తినేశాయి. షెడ్డు వెనక గొట్టం దగ్గర్నుంచి కిందకి ఎర్రపురుగులు, జలగలు తప్ప మరో ప్రాణి మిగల్లేదని ఆఫీసు తేల్చింది. అప్పుడు లాండ్రీకి తాళం వెయ్యబోయి, ఆఖరి అవకాశంగా ఒక షరతు పెట్టారు. మురికీ చెత్తా అడుక్కి దిగిపోయేలా కొత్త తొట్లు కట్టాలి, సగం మిషన్లే నడపాలి. ఏడాది గడిచాక వాగుని మళ్ళీ పరీక్షిస్తారు. గొట్టానికి దిగువన సుకుమారం పురుగులు తిరిగొస్తే అన్ని మిషన్లూ నడుపుకోవచ్చు. రాకపోతే శాశ్వతంగా తాళమే.

సగం మిషన్లంటే సగం మందికే పని. అమ్మ ఉండిపోయింది, పిన్ని ఇంట్లో కూర్చుంది. ఇంట్లో కూర్చోవడం పిన్నికి చేతకాని విద్య. ఉతికిన బట్టలే మళ్ళీ ఉతికేది, ఇస్త్రీ చేసిన దుప్పటే మళ్ళీ చేసేది. "ఇంకో నెల ఇలాగే ఉంటే మీ పిన్ని నన్ను కూడా మడతేసి బీరువాలో పెడుతుంది" అని బాబాయి వాపోయేవాడు.

తల్లి పనిచేసే చోటు పరీక్ష కూతురు చెయ్యడం బాగుండదని పిల్ల మొదట్లోనే మేడంతో చెప్పేసింది. మేడం అంటే ఆఫీసులో పెద్దావిడ, జీవితంలో సగభాగం భూతద్దం వెనకే గడిపిన మనిషి. ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుంది.

"ఉన్నదే నలుగురం. నువ్వు కాకపోతే ఎవరు దిగుతారు, నా మోకాళ్ళతో నేను దిగనా? వల నువ్వు పట్టు. ఏ పురుగు ఏదో, ఎన్ని ఉన్నాయో నేను చూస్తాను. లెక్కలో నీ వేలు పెట్టకు."

"పెట్టను మేడం."

"అంతే. ఇంక వల నీ బాధ్యత."

*

పరీక్షరోజు పొద్దున జీపు లాండ్రీ మలుపు తిరిగేసరికి పిల్ల గుండె గతుక్కుమంది. ఒడ్డంతా జనం. ఏడాదిగా ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళందరూ వచ్చేశారు. గోడ మీద కూర్చున్నవాళ్ళు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్ళు, ముందు వరసలో నడుం మీద చేతులేసుకుని పిన్ని. కాస్త ఎడంగా, పని మధ్యలో వచ్చినట్టు తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ అమ్మ.

కింద మొదలుపెట్టి పైకి వెళ్ళాలనేది ఆఫీసు పద్ధతి. పైన ముందు కదిపితే అక్కడి పురుగులు దిగువకి కొట్టుకొచ్చి లెక్క తారుమారవుతుంది. ఈ ముక్క పిల్లకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ అన్ని కళ్ళు ఒక్కసారి తన మీద పడేసరికి జీపు దిగబుద్ధి కాలేదు.

"ముందు పైకి పోదాం" అంది డ్రైవర్‌తో.

డ్రైవర్ అద్దంలోంచి చూశాడు. "కింద కదమ్మా ముందు?"

"మధ్యలో ఆనకట్ట ఉందిగా, పైవి కిందికి రావు. వీళ్ళు ఈలోపు ఇళ్ళకెళ్ళిపోతారు."

"వీళ్ళా?" అని నవ్వి డ్రైవర్ గేరు మార్చాడు.

ఆనకట్ట పైన వాగు చూడముచ్చటగా ఉంటుంది. కొండవైపు నుంచి కొట్టుకొచ్చిన ఎర్ర ఇసుక అడుగంతా పరుచుకుని, నీళ్ళు లేతటీ రంగులో కనిపిస్తాయి. ఆ ఇసుక ఆనకట్ట దగ్గరే ఆగిపోతుంది, కిందంతా బూడిదరంగు గులకరాళ్ళే. పిల్ల రాళ్ళు తన్ని వల ఎత్తగానే నిండుగా ప్రాణం. మూడు తోకల చదును పురుగులు, తూనీగ పిల్లలు, గూటిపురుగులు, చాలావరకు సుకుమారాలే. ఈ గూటిపురుగు గమ్మత్తయింది. ఒళ్ళు మెత్తన కాబట్టి చుట్టూ దొరికిన ఇసుక రేణువుల్ని జిగురుతో అతికించుకుని సన్నని గొట్టంలాంటి ఇల్లు కట్టుకుంటుంది. ఎక్కడికెళ్ళినా ఆ ఇంటిని ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

అన్నిటినీ ట్రేలోకి దులిపి, సీసాలోకి ఎక్కించేసరికి నల్లగా మబ్బు పట్టింది. వాన పడి వాగు పొంగితే పరీక్ష మూలపడ్డట్టే.

"తొందరగా ఎక్కమ్మా, చినుకులొస్తున్నాయి" అని డ్రైవర్ హారన్ కొట్టాడు. పిల్ల వలని భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చి జీపెక్కింది.

ఆడవాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. గొడుగులు మాత్రం వచ్చాయి.

"వచ్చిందమ్మా పురుగులమ్మ, దారివ్వండి" అంది పిన్ని. "తల్లీ, గట్టిగా తన్నవే. మొహమాటపడకు."

"పిన్నీ, నువ్వు కాస్త అవతలకి జరుగు."

"జరుగుతా. నా నీడ పడితే పురుగులు జడుసుకుంటాయనా?"

గొల్లున నవ్వారు. ఆ నవ్వులో వణుకుంది. పిల్ల తల వంచుకుని నీళ్ళలోకి దిగింది. వల అడ్డం పెట్టి, మడమలతో రాళ్ళు కదిపి, ఎత్తి చూసింది. వల అంచుల్లో మూడు తోకలవి మెలికలు తిరుగుతున్నాయి. గూటిపురుగులు కూడా. ఎర్రపురుగుల మధ్య నిజంగానే ఉన్నాయి.

"ఉన్నాయా?" అంది అమ్మ ఒడ్డు మీంచి. పొద్దుట్నించీ ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే.

పిల్ల తలెత్తింది. చెప్పకూడదు, తేల్చాల్సింది మేడం. తెలుసు. "ఉన్నాయమ్మా" అంది.

ఆ ఒక్క మాటా వీధంతా వ్యాపించడానికి జీపు తిరిగేంత సేపు కూడా పట్టలేదు.

*

మేడం భూతద్దం కింద పురుగుల్ని ఒక్కొక్కటిగా వేరుచేస్తుంటే పిల్ల పక్కన నిలబడి చీటీలు అందిస్తోంది. బయట వాన దంచికొడుతోంది.

"బానే కోలుకుందే మీ వాగు" అంది మేడం. ఆవిడ నోట "బానే" అనే మాట రావడమే అపూర్వం. "గూటిపురుగులు కూడా. చూస్తావా?"

పిల్ల సంబరంగా వంగి చూసింది. గూళ్ళు అద్దం కింద పెద్దవిగా, రేణువు రేణువూ విడివిడిగా కనబడుతున్నాయి. ముచ్చటైన పనితనం. అన్నీ ఎర్రగా ఉన్నాయి.

ముందు ఆ ఎరుపు అందంగానే అనిపించింది. తర్వాత మళ్ళీ వంగి చూసింది. లాండ్రీ గొట్టం దగ్గర అడుగున ఎర్ర ఇసుక లేదు. లేని ఇసుకతో ఇల్లెలా కట్టుకున్నాయి?

ఒకటో రెండో అయితే ఆనకట్ట దాటి కొట్టుకొచ్చాయనుకోవచ్చు. ఇక్కడ దాదాపు అన్నీ అవే. పిల్లకి పొద్దున్న జీపెక్కిన క్షణం కళ్ళముందు కదిలింది. హారన్, చినుకులు, భుజాన వల. పైన పని అయ్యాక వలని తిరగేసి నీళ్ళలో బాగా జాడించాలి. మడతల్లో చిక్కుకున్నవి రాలిపోయేదాకా జాడించి కానీ రెండోచోట ముంచకూడదు. జాడించలేదు. పైవాగు పురుగుల్ని తనే భుజాన మోసుకొచ్చి కింద దింపింది.

"ఏమైంది? అలా ఉన్నావేం?"

"ఏం లేదు మేడం" అని నీళ్ళు నమిలింది. "తలనొప్పి."

"అయితే ఇంటికెళ్ళు. రిపోర్టు రేపు రాద్దాంలే."

ఇంటికెళ్ళేసరికి అక్కడ సందడి. పిన్ని వంటగదిని తన చేతుల్లోకి తీసుకుంది. గ్యాస్ మీద ఏదో పొంగుతోంది. పనిలో వేసుకునే పిన్ని నీలం కోటు ఏడాది తర్వాత బయటికొచ్చి, ఇస్త్రీ అయి, కుర్చీ వీపుకి మనిషిలా వేలాడుతోంది.

"రావే రా. రోలర్ల దగ్గర నా చోటు నాకే ఉంచమని సూపర్‌వైజర్‌తో చెప్పొచ్చా. చెప్పడమేంటి, బెదిరించొచ్చా."

పిల్ల నవ్వబోయింది, రాలేదు. పిన్ని కోటు అక్కడే వదిలి, గిన్నె తీసుకుని తమ ఇంటికి వెళ్ళేదాకా గోడనానుకుని నిలబడింది. తలుపు పడగానే అమ్మ దగ్గరకొచ్చి నేల మీద కూర్చుంది. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"అమ్మా, ఆ పురుగులు మన దగ్గరవి కావు. పైవి. నేను వల జాడించకుండా తెచ్చాను."

అమ్మ చేతులు ఆగలేదు. తువ్వాలు నాలుగు మడతలు వేసి, అంచులు సరిచూసి, పక్కన పెట్టింది. అప్పుడు కూతురి వైపు చూసింది.

"జాడించడం మర్చిపోయావా?"

"ఊఁ."

"నా కడుపున పుట్టి?"

అంత బాధలోనూ పిల్లకి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. రెండూ కలిసిపోయి ఎక్కిళ్ళు పట్టాయి. అమ్మ నీళ్ళగ్లాసు అందించింది, వీపు మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు.

"మీ మేడంకి చెప్పావా?"

"ఇంకా లేదు."

"మరి నాకెందుకు చెప్తున్నావు ముందు?"

పిల్ల గ్లాసు కింద పెట్టింది.

"నేను వద్దంటే ఊరుకుందామనా? వద్దన్నది మా అమ్మ అని రేపు నీకు నువ్వు చెప్పుకుందామనా?" అమ్మ గొంతు పెరగలేదు. "ఆ మూట నా నెత్తిన పెట్టకు తల్లీ. నేను చాలానే మోస్తున్నాను."

"ఎవరికీ తెలీదమ్మా. మేడం కూడా గమనించలేదు."

"బానే ఉంది. అన్ని మిషన్లూ తిప్పుతారు. అందరం సంబరంగా వెళ్తాం. నిజంగా వాగు బాగుపడకపోతే ఏమవుతుంది, అది చెప్పు. చదువుకున్నదానివి."

"మళ్ళీ చచ్చిపోతుంది. వచ్చే పరీక్షలో తెలిసిపోతుంది. అప్పుడింక తాళమే."

అమ్మ మరో తువ్వాలు తీసుకుంది. కుర్చీకి వేలాడుతున్న నీలం కోటు వైపు ఒకసారి చూసింది. "మా దగ్గర ఉతికిన కట్టలో ఒక్క మరక దుప్పటి కనిపించిందనుకో, కట్టంతా మళ్ళీ నానబెడతాం. ఎంత తిట్టుకుంటామో నీకు తెలీదు. తిట్టుకుంటూనే నానబెడతాం." చేతిలో తువ్వాలు మడత పూర్తిచేసి, "మీ పిన్నికి మాత్రం నువ్వే చెప్పు. నా వల్ల కాదు" అంది.

*

మేడం అంతా వింది. సీసా తీసి వెలుతురుకి పట్టి, ఎర్ర గూళ్ళని చూసి, ఇది తన కంట పడకపోయిందే అన్నట్టు తనని తనే విసుక్కుంది.

"ఇది పనికిరాదు. మళ్ళీ తియ్యాలి. కానీ ఈ వానకి వాగు పొర్లింది, అడుగంతా తిరగబడి ఉంటుంది. కుదుటపడేదాకా ఆగాలి. ఫలితం ఆలస్యమవుతుందని పైవాళ్ళకి రాస్తాను, కారణం కూడా రాస్తాను. నీ పేరు అందులో ఉంటుంది."

"ఉండనివ్వండి మేడం. ఈసారి వల వేరేవాళ్ళకిస్తారా?"

"ఎవరికి? డ్రైవర్‌కా? ఆయన హారన్ కొడుతూ పట్టుకుంటాడా వల?" ఆవిడ కళ్ళజోడు కిందికి లాక్కుంది. "నువ్వే దిగాలి. జాడించినప్పుడు నా ఎదురుగా జాడించు."

పిన్నికి చెప్పడం ఇంతకన్నా కష్టమైంది. గుమ్మంలో నిలబెట్టే విని, "అలాగా" అని మాత్రం అని లోపలికెళ్ళింది. పిన్ని తిడితే ఒక మాదిరి, మాటాడకపోతే మరో మాదిరి. ఆ తర్వాతి రోజుల్లో వీధిలో ఎదురుపడితే పక్కనున్నవాళ్ళతో, "పెద్ద చదువులమ్మా, మనకి అర్థంకావు" అనేది గాల్లోకి. మెట్లు తుడిచే పని ఒకటి వెతుక్కుంది. చీపురు చేత్తో పట్టుకుని వెళ్తూ పురుగులమ్మ అని పిలవడం కూడా మానేసింది. పిల్ల ఆ పేరు కోసం మొహం వాచిపోయింది.

బాబాయి ఒక సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆపి నెమ్మదిగా చెప్పాడు. "మీ పిన్ని కోపం నీ మీద కాదే. ఆ కోటుంది చూడు, దాన్ని మళ్ళీ లోపల పెట్టలేకపోతోంది. అలాగని బయట ఉంచి చూడలేకపోతోంది."

వాగు మెల్లగా తేరుకుంది. బురద కిందికి దిగి గులకరాళ్ళు మళ్ళీ కనబడసాగాయి. పిల్ల రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఒడ్డున ఆగి చూసి వెళ్ళేది, ఒంట్లో బాగాలేని మనిషిని పలకరించినట్టు.

రెండోసారి జీపు నేరుగా గొట్టం దగ్గరే ఆగింది. ఒడ్డు మీద జనం లేరు. ఒకసారి ఆశపడి చెయ్యి కాల్చుకున్నాక ఎవరొస్తారు? మేడం మడతకుర్చీ వేయించుకుని కూర్చుంది. వల కొత్తగా ఉతికిందే అయినా పిల్ల ఆవిడ ఎదురుగా తిరగేసి, షెడ్డు పక్క కుళాయి కింద పట్టి, దులిపి, మళ్ళీ పట్టింది.

"ఇంకోసారి జాడించు" అని వెనక నుంచి వినబడింది.

పిన్ని. చేతిలో చీపురు, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది. మెట్ల పని మధ్యలో వచ్చినట్టుంది.

"అయిపోయింది పిన్నీ, శుభ్రంగానే ఉంది."

"నువ్వు శుభ్రంగా ఉందంటే నమ్మే రోజులు పోయాయి. జాడించు."

పిల్ల జాడించింది. పిన్ని వచ్చి వల అంచు వేళ్ళతో పట్టి చూసి, "ఊఁ" అని వాగుకి వీపు పెట్టి గోడ మీద కూర్చుంది. చూడను గాక చూడను అన్నట్టు.

పిల్ల నీళ్ళలోకి దిగింది. తన్నింది. వల ఎత్తింది. ఎర్రపురుగులు, జలగలు, ఇంకొన్ని జలగలు. మూడు తోకలవి కొన్ని, చిన్నవి, ఒడుదుడుకులు తట్టుకునే రకం. ఎర్ర గూళ్ళు ఒక్కటీ లేవు. పైకి రాబోతున్న మాటని గొంతులోనే మింగి, అన్నిటినీ ట్రేలోకి దులిపి మేడం ముందు పెట్టింది. ఒడ్డు మీద వీపు కదల్లేదు కానీ చెవి ఇటే ఉంది.

మేడం సన్న కర్రతో కదుపుతూ చూస్తోంది. చాలాసేపటికి కర్ర ఒకచోట ఆగింది.

"ఇదేంటిది? పుల్లముక్క అనుకున్నాను. కదులుతోంది."

బూడిదరంగు రేణువుల గొట్టం. గూటిపురుగే. ఒళ్ళు సగం బయట పెట్టి ట్రే అంచు వెంట ఇల్లు ఈడ్చుకుంటోంది. ఆ గూట్లో అక్కడక్కడ తెల్లగా, నున్నగా, మెరుస్తూ ఏవో ముక్కలు. ఒకటి నీలంగా ఉంది.

"తెల్లరాయి ఈ వాగులో ఎక్కడుంది?" అంది మేడం భూతద్దం దగ్గరికి తీసుకుని. "గవ్వ ముక్కలా?"

పిల్ల వంగి చూసింది. చూడగానే తెలిసిపోయింది. చిన్నప్పుడు మూటల మధ్య కూర్చుని ఆ ముక్కలు ఏరుకుని దండగా గుచ్చబోయి, గుచ్చుకునే కన్నాలు లేక ఏడ్చింది.

"రాయి కాదు మేడం. గుండీ. రోలర్ల కింద పడి కోట్ల గుండీలు చిట్లిపోతాయి. ఆ ముక్కలు నీళ్ళతో పాటు గొట్టంలోంచి వచ్చేవి. ఇంకా అడుగునే ఉన్నాయన్నమాట."

మేడం తలెత్తి గొట్టం వైపు చూసింది, ఆనకట్ట వైపు చూసింది. "పైన ఇవి ఉండవు కదూ?"

"పైన ఎలా ఉంటాయి? లాండ్రీ ఇక్కడుంటే?"

"అయితే ఇది కొట్టుకొచ్చింది కాదు. నువ్వు మోసుకొచ్చిందీ కాదు." ఆవిడ మొహంలో నెమ్మదిగా నవ్వు పాకింది. "ఇక్కడే ఉండి ఇల్లు కట్టుకుంది. వెతుకు, ఇంకా ఉండాలి."

వెతికారు. ఉన్నాయి. ఎక్కువ లేవు కానీ ఉన్నాయి. అన్నీ బూడిదరంగువి, ఒకటి రెండింటికి తెల్లముక్కల అలంకారం. ఎప్పుడొచ్చిందో తెలీదు, పిన్ని తల కూడా ట్రే మీదకి వంగి ఉంది.

"ఇది డాక్టరు కోటు గుండీయే" అంది. "చూడు, ఆ నీలం ముక్క నర్సమ్మలది. దీనమ్మ కడుపు కాలా, మా రోలరు కింద నలిగినవాటితో మేడ కట్టుకుందే."

*

వాగు బాగుపడిందని మేడం రాయలేదు. కోలుకుంటోందని రాసింది. ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరం మీద పైవాళ్ళు చాలా రోజులు కూర్చుని, చివరికి తాళం వెయ్యనూ లేదు, అన్ని మిషన్లూ వదలనూ లేదు. ఇంకో మిషన్‌కి, ఒక రోలర్‌కి అనుమతిచ్చి, వచ్చే ఏడాది మళ్ళీ చూస్తామన్నారు. ఉన్న పనిని అందరూ వంతులేసుకున్నారు. అమ్మ తన రోజుల్లో కొన్ని వదులుకుంది. పిన్ని వారంలో సగం మెట్లు తుడుస్తూ, సగం నీలం కోటు వేసుకుంటూ గడుపుతోంది. వీధిలో కొందరికి పిల్ల మీద ఇంకా గుర్రుగానే ఉంది. మొదటి సీసానే ఉంచేసి ఉంటే ఈపాటికి అందరం లోపల ఉండేవాళ్ళం కదా అంటారు. పిల్ల వాళ్ళతో వాదించదు.

గుండీ గూటి పురుగుని మేడం స్పిరిట్ సీసాలో వెయ్యబోతే పిల్ల అడ్డం పడింది. లెక్కకి మిగతావి సరిపోతాయని బతిమాలి, వాగు నీళ్ళ డబ్బాలో ఒక పూట ఉంచి, అమ్మకి చూపించి, తీసిన చోటే రాయి కింద వదిలేసింది.

ఆ గుండీ ముక్కలు మాత్రం ఇక వాగులోకి పోకూడదంది మేడం. పాతబడి అంచు చిరిగిన వల ఒకటి ఆఫీసు మూల పడుంటే పిల్ల చేతికిచ్చింది. ఆదివారం పొద్దున అమ్మ దాన్ని ఒళ్ళో వేసుకుని గొట్టం మూతికి సరిపోయేలా సంచిలా కుట్టింది. అమ్మ, పిన్ని, పిల్ల ముగ్గురూ కలిసి షెడ్డు వెనక్కెళ్ళారు. అమ్మ గొట్టానికి సంచి బిగించి, తాడు ముడి వేసింది.

"పాపం దానికి ఇంక తెల్లముక్కలు దొరకవు" అంది పిల్ల నీళ్ళ వైపు చూస్తూ.

"దొరక్కపోతే రాళ్ళతో కట్టుకుంటుంది. మనం కట్టుకోలా?" అంది అమ్మ.

సంచి నిండితే విప్పి దులపాలి, రోజూ సాయంత్రం జాడించి మళ్ళీ కట్టాలి. ఆ పని ఎవరిదని మాటొచ్చింది. పిల్ల చెయ్యెత్తింది.

పిన్ని ఆ చెయ్యి కిందికి దించింది. "నువ్వు పురుగుల సంగతి చూడు పురుగులమ్మా. ఉతికే పని మాకొదిలెయ్."